పడవవాడికి పెట్టిన ముద్ద

నిన్న సంతలో పొద్దు వాలే వేళకి వేరుశనక్కాయలమ్మేవాడు కార్బైడు దీపం వెలిగించాడు. ఆ ఘాటు వాసన ముక్కుకి తగిలేసరికి అల్లం బేరం మధ్యలో ఆపేసి అలాగే నిలబడిపోయాను. "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?" అంటూ నా కొడుకు గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. బాగోకేం, నిక్షేపంలా ఉన్నాను. ఆ వాసన నాకు చుట్టం. అది ఎక్కడుంటే అక్కడ నా కళ్ళకి ఒక గుడారం, ఒక తెల్లగుడ్డ, దాని పక్కన రేకు గొట్టం పట్టుకుని పైడయ్య మాస్టారు కనిపిస్తారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినవాళ్ళలో ఇంచుమించు నేనొక్కదాన్నే మిగిలాను. కాబట్టి నేనెన్ని గొప్పలు చెప్పినా కాదనేవాడు లేడు. అయినా ఆయన విషయంలో గొప్పలు కల్పించాల్సిన పని లేదు.

పంతొమ్మిది వందల ఇరవైల చివరి మాట ఇది. అప్పటికి అరకులోయకి రైలు లేదు, బాటంటే ఎడ్లబళ్ళు మూలుగుతూ ఎక్కే ఘాటీ ఒక్కటే. ఆ బళ్ళ మీద శృంగవరపుకోట దిగువ నుంచి బయోస్కోపు వచ్చింది. చేత్తో తిప్పే యంత్రం, కార్బైడు దీపం, పరదా గుడ్డ. బొమ్మలు పెదవులు ఆడించేవి గానీ మాట బయటికి వచ్చేది కాదు. ఆ మాట చెప్పడానికే పైడయ్య మాస్టారు. ఒకప్పుడు వీధి భాగోతాల్లో వేషాలు కట్టిన మనిషి. వెదురుగడలాంటి పొడుగు, పంచె మీద రంగు వెలిసిన నల్లకోటు. ఆయన నోరు విప్పితే రాజు రాజులా, దొంగ దొంగలా, ఏడ్చే పిల్ల ఏడ్చే పిల్లలా వినిపించేవాళ్ళు.

అంతా బాగానే ఉంది గానీ ఆయన చెప్పేది కిందిదేశం తెలుగు. మా కొండవాళ్ళకి వచ్చిన తెలుగు ఉప్పు కొనుక్కోవడానికి సరిపోతుంది, కథ వినడానికి చాలదు. నేను పెళ్ళికి ముందు మా అయ్యతో పసుపు మోసుకుని కిందికీ పైకీ తిరిగినదాన్ని, నాకు అర్థమయ్యేది. అందుకని మొదటి సాయంత్రం పక్కన కూర్చున్న మా అత్త సుక్రికి మా మాటలో చెప్పడం మొదలుపెట్టాను. ముందు గొణిగాను. వెనకవాళ్ళు "గట్టిగా, గట్టిగా" అన్నారు. కాసేపటికి సగం గుడారం తెర వదిలేసి నా వైపు తిరిగి కూర్చుంది.

మాస్టారు గొట్టం దించారు. "ఆ గుంటెవర్తి? ఏటి సెప్తంది?" అన్నారు. ఓలమ్మో, అయిపోయింది నా పని అనుకున్నాను. ఆయన జనాన్ని దాటుకుంటూ వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని, "ఇందాక నాను నవ్వించినప్పుడు ఈళ్ళు నవ్వలేదు, నువ్వు సెప్తే నవ్వినారు. ఏటి సెప్పినావు?" అని అడిగారు. "మీరు సెప్పిందే బాబూ. కాకపోతే ఆ సేటుకి మా ఉప్పు సావుకారి నడక ఉందని ఒక్క ముక్క కలిపేను" అన్నాను. ఆయన నవ్విన నవ్వుకి ముందుపళ్ళ సందు కనిపించింది. "రేపట్నుంచి నా పక్కన నిలబడు" అన్నారు. మా అత్తకి సంగతి చెబితే ఆయన్ని ఎగాదిగా చూసి, "మా కోడలు నిలబడతాది. మరి ఈ వదరుబోతు తన నోటికి తెరిపి ఇచ్చేదెప్పుడని అడుగు" అంది. ఆ ముక్క మాత్రం నేను ఆయనకి చెప్పలేదు.

పగలు బళ్ళ దగ్గర చోడి అంబలి తాగుతూ ఆయన నాకు పని నేర్పేవారు. పని అంటే గొంతు పెంచడం, తగ్గించడం అనుకునేరు. ముందు నన్ను తెరకి వీపు పెట్టి నిలబడమన్నారు. "బొమ్మ ఎక్కడికీ పోదు, రేపూ అదే. మొకాలు సూడు. ఏ మొకం దారి తప్పిందో ఆ మొకానికి సెప్పు" అన్నారు. ఇంకోసారి ఒక తల్లి ఏడ్చే చోట నేను, "అయ్యో, చూడండర్రా, ఎంత కష్టం" అని రాగం తీశాను. ఆట అయ్యాక బాగా తిట్టారు. "ఏడవమని నువ్వు సెప్పాలేటి? ఆళ్ళకి ఏడుపు రాదేటి? బొమ్మకి నోరు లేదని మన నోరు అరువిచ్చినాం. అరువిచ్చినోడు పెత్తనం సెయ్యకూడదు గుంటా." తరవాతి రోజుల్లో నేను మా ఊరి బడిలో పంతులమ్మనై ఎంతమంది పిల్లలకి పాఠం చెప్పానో! నల్లబల్లకి వీపు పెట్టే చెప్పాను. బడి తనిఖీకి వచ్చిన ఒకాయన నా పిల్లలు దిక్కులు చూడరేమని ఆశ్చర్యపోయాడు. నేను చూడనిస్తే కదా.

ఇక అసలు సంగతి. ఆ రోజు బొమ్మ ఒక పడవవాడి కథ. వరదలో ఊరి జనాన్ని ఒడ్డు చేర్చి, చివరి పసిబిడ్డని అందించి, తాను మునిగిపోతాడు. మాస్టారు గొంతు బొంగురుపోయింది. నేను మా మాటలో "పోయాడు" అన్నాను. అంతే, బయోస్కోపు యజమాని దీపం ఆర్పించి, "ఆట అయిపోయింది, పదండి, పదండి" అని జనాన్ని బయటికి తోలాడు.

మర్నాడు మా ఊళ్ళో ఒక్క నాగలి కదల్లేదు. మా కొండల్లో చావు జరిగితే మర్నాడు భూమి దున్నరు. ఆడవాళ్ళు కొత్త సామలు దంచి వండారు. మా అత్త అడ్డాకులో ముద్ద పెట్టి తీసుకెళ్ళి గెడ్డ ఒడ్డున ఉంచింది, పడవవాడి కోసం. నేనూ వెళ్ళాను. వింతగా ఏమీ అనిపించలేదు, మా కళ్ళ ముందే కదా పోయాడు.

ఆ సాయంత్రం కాఫీ తోటల గుమాస్తాలు, కలప కంట్రాక్టర్లు కుటుంబాలతో వచ్చారు. యజమాని వాళ్ళకి ముందు బెంచీలు వేయించాడు. బొమ్మ మొదలైంది. పెళ్ళి పల్లకీ, మేళాలు. పల్లకీలోంచి పెళ్ళికొడుకు దిగాడు, మీసం దువ్వుకుంటూ. చూద్దును కదా, నిన్నటి పడవవాడు! అదే ముఖం, అదే ముక్కు. గుడారం ఒక్కసారి గగ్గోలెత్తింది. మా అత్త లేచి నిలబడి, "ఆపండి" అని కేకేసింది. యంత్రం తిప్పే చెయ్యి ఆగిపోయింది.

పడవవాడికి ముద్ద పెట్టిన సంగతి నేను మాస్టారికి చెబుతుంటే విని, బెంచీల మీదివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. యజమాని కళ్ళు తుడుచుకుంటూ, "పైడయ్యా, అది వేషమని చెప్పు. చచ్చినవాడు చావలేదు, మీరంతా వెర్రివాళ్ళని ఆ పిల్లచేత చెప్పించు. అడవి జనం కోసం ఆట ఆపుతామా? చెప్పకపోతే రేపు నువ్వు కొండ దిగిపో, ఇంకొకణ్ణి తెచ్చుకుంటాను" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది, సిగ్గుతో చచ్చిపోయాను కూడా. పోయాడని చెప్పిన నోరు నాది. నా నోటితోనే నా వాళ్ళని వెర్రివాళ్ళనాలి. అనకపోతే మాస్టారి బతుకు పోతుంది. ఇంటి దగ్గర నలుగురు పిల్లలు, మంచాన పడ్డ తల్లి ఉన్న మనిషి ఆయన. ఆయన వైపు చూశాను.

ఆయన గొట్టం కింద పెట్టారు. ఎందుకంటే ఆ మాటలకి ఆయనకి గొట్టం అక్కర్లేకపోయింది. బెంచీల వైపు తిరిగి, "నవ్వింది సాలు బాబూ" అన్నారు. "సాలూరు నుంచి బరంపురం దాకా ఊరూరా ఈ పడవోణ్ణి సంపుతూనే ఉన్నాను. పకోడీలు తింటా సూసినోళ్ళే గానీ, ఆడికి ఒక్క ముద్ద పెట్టినోళ్ళని నానెరగను. ఈళ్ళు పెట్టినారు. ఈళ్ళని వెర్రోళ్ళంటే నా నాలిక పడిపోద్ది. సెప్పను." తరవాత ఆయనే మా అత్త ఎదటికి వచ్చి చేతులు జోడించి, నాతో "గుంటా, ఉన్నదున్నట్టు సెప్పు. తప్పు నాది, ఏటి సెయ్యమంటే అది సేత్తాను" అన్నారు.

చెప్పాను. మా అత్త సుక్రి ఎవరి ముందూ తల వంచని మనిషి. యజమానినీ బెంచీలనూ ఒక్క చూపు చూసి అంది: "ఆళ్ళకి సెప్పు కోడలా. అది గుడ్డని మాకు తెలుసు. పొద్దున్నే వచ్చి సేత్తో తడిమి సూసినాను. మా దేవుడూ కర్రే. కర్రని తెలిసే మొక్కుతాం. పోయినోడు మళ్ళీ వస్తాడు, అదీ మాకు కొత్త కాదు, మా పిల్లలంతా అలా తిరిగొచ్చినోళ్ళే. కానీ పంపించకుండా ఎలా వస్తాడు? నిన్న ఆడు పోగానే దీపం ఆర్పి మమ్మల్ని తోలేశారు. డప్పు కొట్టలేదు, పేరు పిలవలేదు. ముందు పంపించండి. తరవాత పెళ్ళి సేసుకోనీ, పదిమందిని సేసుకోనీ."

ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తగ్గించకుండా తెలుగులో చెప్పాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. కొంగు నోట్లో కుక్కుకున్న ఆవిడ కొంగు తీసేసింది.

మా వాళ్ళు డప్పు తెచ్చారు. మాస్టారే మెడకి తగిలించుకున్నారు. భాగోతాల మనిషి కదా, దరువు ఒకసారి విని పట్టేశారు. "పేరు సెప్పాల" అంది అత్త. చిక్కొచ్చిపడింది. బొమ్మలో పడవవాడికి పేరే లేదు. మాస్టారు డప్పు మీద చెయ్యి ఆపి, "పైడయ్య" అన్నారు. "ఆడికి నోరిచ్చింది నాను. పేరూ నాదే ఇత్తన్నాను." బతికున్నవాడు తన పేరు చచ్చినవాడికి ఇవ్వడం మా కొండల్లో చిన్న మాట కాదు. "అయితే నువ్వు మావోడివే. పోయేటప్పుడు దారి మర్చిపోక, ఇటే రా" అంది అత్త. నేను తెలుగులో చెప్పాక ఆయన "అలగే అమ్మా" అన్నారు. డప్పు మోగింది, పేరు పిలిచాం, ఆ తరవాత పెళ్ళికొడుకు మీసం దువ్వుకుంటూ ఎంత సేపు గెంతాడో! మా వాళ్ళు నవ్వి నవ్వి అలిసిపోయారు. మా అత్త అందరికంటే ఎక్కువ నవ్వింది.

యజమాని మాస్టారిని కొండ దింపేస్తాడనే అనుకున్నాం. మర్నాటి నుంచి అవతలి కొండల జనం కూడా దిగొచ్చి గుడారం పట్టకపోయేసరికి నోరు మూసుకున్నాడు. అప్పట్నుంచి ఆ బయోస్కోపు మా లోయకి వచ్చిన ప్రతిసారీ, బొమ్మలో ఎవరు పోయినా ఆట ఆగేది, డప్పు మోగేది, మాస్టారు పేరు పిలిచేవారు. ఒకసారి ఒక గుర్రం పోతే దానికీ పేరు పెట్టారు.

వచ్చినప్పుడల్లా ఆయన నాకు అక్షరాలు దిద్దించారు. కొండ దిగేటప్పుడు "మరిసిపోతే ఊరుకోను" అని బెదిరించేవారు. ఒక ఏడాది బళ్ళు వచ్చాయి, ఆయన రాలేదు. బండివాడు తలపాగా తీసి, చలిజ్వరంతో పోయారని చెప్పాడు. నేను ఆ బళ్ళ దగ్గరే కూలబడి ఏడ్చాను. అత్త ఏడవలేదు. డప్పు తెప్పించి, "ఎలాగూ దారి సెప్పినాను" అంది.

ఆ తరవాత నా కొడుకు పుట్టాడు. మా ఇళ్ళల్లో బిడ్డ పుడితే దొన్నెలో నీళ్ళు పోసి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతూ బియ్యపు గింజ వదులుతారు. ఎవరి పేరుకి గింజ మునగకుండా తేలితే వాళ్ళు తిరిగొచ్చినట్టు. మా మామ పేరు చెప్పారు, మునిగింది. ఆయన తండ్రి పేరు, మునిగింది. అత్త "పైడయ్య" అంది. గింజ మునగలేదు, తేలి గిర్రున తిరిగి దొన్నె అంచుకి వచ్చింది. "కిందిదేశపోడు మా ఇంటికేటి?" అని నా మొగుడు సణిగాడు. "నాను పిలిసినాను, వచ్చినాడు. నీకేటి నొప్పి?" అంది అత్త.

అస్సాం తేయాకు తోటలకి పోయిన మావాళ్ళ నుంచి ఉత్తరం వస్తే చదవమని ఇప్పటికీ నా దగ్గరికే తెస్తారు. అందులో చావు కబురుంటే చదివి కాగితం చేతిలో పెట్టి లేచిపోను. పేరు పిలిచేదాకా ఆ గుమ్మంలోనే కూర్చుంటాను. నాకు మాస్టారు నేర్పిన చదువు అది. అక్షరాలు దాని తరవాతే.

నిన్న దీపం వాసన చూశాక నా కొడుకుని సతాయించి, మనవరాల్ని వెంటబెట్టుకుని సంత పక్కనే వేసిన డేరా సినిమాకి మొదటాటకి వెళ్ళాను. వాడు అటవీశాఖలో లారీ తోలుతాడు, పొడుగ్గా వెదురుగడలా ఉంటాడు. ఇప్పుడు బొమ్మలకి నోళ్ళొచ్చాయి, అవసరానికి మించే వచ్చాయి. చివర్లో కథానాయకుడు ప్రాణం విడిచాడు. మా మనవరాలు బిక్కమొహం పెట్టి, "నాయనా, ఆడు నిజంగా సచ్చిపోయాడేటి?" అంది. ముందు కుర్చీల్లో కూర్చున్న కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. నా కొడుకు పైడయ్య దాన్ని ఒళ్ళోకి లాక్కుని, "పోయాడమ్మా. ముందు మనం పంపించాల. వచ్చేది, రానిది తరవాత మాట" అన్నాడు. నేను చెబితే విన్నదే కదా అంటారు మీరు. అనుకోండి.

దీపాలు వెలిగాయి. నేను బల్ల మీద వేళ్ళతో దరువు అందుకున్నాను. కొడుకు కలిపాడు. నేల టిక్కెట్టులో ఒక ముసలి చెయ్యి కలిసింది, దాని పక్కన ఇంకొకటి. వెళ్ళిపోతున్న కుర్రాళ్ళు ఆగి వెనక్కి చూశారు. వాళ్ళలో ఒకడు దగ్గరికొచ్చి, "ఎవరి కోసమండీ ఈ దరువు?" అని అడిగాడు. వాడి ముఖం చూశాను. నిజంగానే అడుగుతున్నాడు.

"ఒక పడవోడి కోసం బాబూ" అన్నాను. "కూకో, సెప్తాను."