ఎవరూ అడగని నాలుగు చొక్కాలు

ఇస్త్రీ దుర్గయ్య జనం బట్టల మూలలు కత్తిరించి దాచుకుంటున్నాడట. చిక్కడపల్లిలోని ఆ సందులో పది రోజులుగా ఇదే మాట. మూడో అంతస్తు స్వరూప తన కళ్లతో చూసిందట. మధ్యాహ్నం పూట మెట్ల కింద కూర్చున్నాడట, ఒళ్లో బట్ట, చేతిలో కత్తెర. ఆమెను చూడగానే ఒళ్లోది బల్ల కిందికి తోసేశాడట.

"పెండ్లాం పోయినంక మనిషి మనిషి లెక్క లేడు ఆంటీ," అని స్వరూప రెండో అంతస్తు మనోరమకు చెప్పింది. "మా అత్తమ్మ అయితే బాణామతి అంటున్నది. బట్ట ముక్క దొరికితే చాలంట. నేనైతే నా చీరలు నారాయణగూడల ఇస్తున్న ఇప్పుడు. మీరు గూడ జర చూస్కోన్రి."

"ముప్పై ఏండ్ల సంది మన బట్టలన్నీ ఆయన చేతిలనే ఉన్నయి గదమ్మా. బాణామతి చేసేటోడు గిన్నొద్దులు ఆగుతడా?"

మనోరమ పైకి అన్నదే గాని, ఆమెకూ భయం పట్టుకుంది. ఆమెవి నాలుగు చొక్కాలు దుర్గయ్య దగ్గర ఉన్నాయి. అవి ఆమె భర్త కిషన్ రావువి. కిషన్ రావు పోయి రెండేళ్లు దాటింది.

దుర్గయ్య ఆ అపార్ట్‌మెంట్ కట్టిన ఏడాదే భువనగిరి దగ్గరి ఊరి నుంచి వచ్చాడు. మెట్ల కింద ఒక బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి, బొగ్గుల పెట్టె. తర్వాత కరెంటు పెట్టె కొన్నా బొగ్గులదాన్ని పారేయలేదు. కరెంటు పోయినప్పుడు దాన్ని కిందికి దింపి, "నువ్వే నయం," అని మెచ్చుకునేవాడు. మనుషుల ముఖాలు ఆయనకు గుర్తుండవు, బట్టలు గుర్తుంటాయి. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు వస్తే పేరు అడగడు. "నీలం గీతలు నువ్వే గదా. కాలర్ అరిగింది బిడ్డా, నోటిఫికేషన్ వచ్చేదాంక ఆగదు, ఇంకోటి కొనుక్కో," అంటాడు. ఒకతను ఇంటర్వ్యూకు బయల్దేరితే, ఒంటి మీది చొక్కా విప్పించి, మళ్లీ ఇస్త్రీ చేసి తొడిగించి పంపాడు. ఉద్యోగం వచ్చి అతను మిఠాయి తెస్తే, "ఈ ప్యాంటు ఎవలు చేసిన్రు? మడత వంకర పోయింది," అని ముందు తిట్టి, తర్వాత తిన్నాడు.

అయితే ఏ బట్ట ఏ ఇంటిదో తెలిసింది మాత్రం ఆయన భార్య మంజులకే. ఇంటింటికీ ఎక్కి బట్టలు తెచ్చేదీ ఇచ్చేదీ ఆమె. చదువు రాదు. అందుకని ఇంటికో గుర్తు అనుకొని, కాలర్ లోపలో చీర అంచు మూలనో దారంతో చిన్నగా కుట్టేది. ఆ గుర్తుల జోలికి దుర్గయ్య ఎన్నడూ పోలేదు. ఆమె తెచ్చింది ఇస్త్రీ చేసేవాడు, చేసింది ఆమె తీసుకుపోయేది.

కిషన్ రావు బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. జన్మలో తెల్ల చొక్కా తప్ప వేసుకోలేదు, నిద్రలో తప్ప కళ్లజోడు తీయలేదు. ఆయన పోయిన పదకొండో రోజు, పోయినవాళ్ల బట్టలు ఉతికేవాళ్లకు ఇచ్చేయాలని పెద్దవాళ్లు చెప్పారు. మనోరమ అన్నీ మూటగట్టి మంజుల చేతుల్లో పెట్టి, తలుపు వేసుకుంది.

వారం తర్వాత మంజుల వచ్చి తలుపు కొట్టింది. ఆ మూటలోవే నాలుగు చొక్కాలు, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఉన్నాయి. "సారు చొక్కాలమ్మా," అని కుర్చీలో పెట్టి వెళ్లిపోయింది. పాపం, ఇచ్చేశానని అర్థం కాలేదేమో అనుకుంది మనోరమ. పిలిచి చెబుదామని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది. చొక్కాలను బీరువాలో వాటి చోట సర్దింది. ఆ పూట, చాలా రోజుల తర్వాత, కడుపునిండా తిన్నది.

తర్వాతి నెల ఆమె వాటిని బయటికి తీసి, మడతలు విప్పి, కాస్త చేత్తో నలిపి, తన చీరలతో కలిపి ఇస్త్రీకి వేసింది. మంజుల చీరలతో పాటే తీసుకుపోయింది. అట్లా రెండేళ్లు గడిచాయి. కూతురికి కూడా తెలియదు ఈ సంగతి.

మొన్నటి వానల్లో మంజులకు జ్వరం వచ్చింది. మూడు రోజులు మూలిగింది, నాలుగో రోజు లేదు. దినాలైన మర్నాడు దుర్గయ్య ఉన్న బట్టలన్నీ బల్ల మీద పరిచి, "ఎవలివి వాళ్లు ఏరుకోన్రి. నాకు తెల్వదు," అన్నాడు. అందరూ వచ్చి ఏరుకున్నారు. మనోరమ కూడా ఆ నెల వేసిన చొక్కాల కోసం దిగింది. కాని అక్కడ స్వరూప ఉంది, ఆమె అత్తగారుంది, హాస్టలు పిల్లలున్నారు. చనిపోయిన మనిషి చొక్కాలు నెలనెలా ఇస్త్రీ చేయిస్తున్నానని వాళ్లందరి ముందు ఎట్లా చెబుతుంది? తన చీరలు రెండు తీసుకొని పైకి వచ్చేసింది.

ఇప్పుడు ఈ కత్తెర మాట. ఆ నాలుగూ చెడిపోతే, మళ్లీ తెచ్చిచ్చేందుకు మంజుల లేదు. మర్నాడు మధ్యాహ్నం స్వరూప పిల్లను తేవడానికి బడికి పోగానే మనోరమ మెట్లు దిగింది.

దుర్గయ్య బల్ల వెనక కూర్చున్నాడు. ఒళ్లో తెల్ల చొక్కా. పక్కన కత్తెర.

"దుర్గయ్యా! దాన్ని ఏం చేస్తున్నవ్?" ఆమె గొంతు అనుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది.

ఆయన ఉలిక్కిపడి చొక్కాను వెనక్కి దాచబోయి, ఆగాడు. "కుడుతున్నమ్మా. రాదు నాకు. నవ్వకున్రి."

కాలర్ తిప్పి చూపించాడు. మంజుల కుట్టిన దారం వెలిసి పీచయింది. దాని మీదుగా ఎర్ర దారంతో వంకరటింకర కుట్లు: రెండు సున్నాలు, మధ్యలో గీత.

"పాతయి పోతున్నయమ్మా. ముప్పై ఏండ్లల ఒక్క గుర్తు నేర్చుకోలే నేను. ఆమె ఉన్నది గదా అనుకున్న. ఇప్పుడు ఎవలి బట్టలొస్తే వాటి మీదనే కుట్టుకుంట నేర్చుకుంటున్న. స్వరూపమ్మ ఇంటిది నిచ్చెన. మూడంతస్తులు ఎక్కాలె గదా, ఎక్కినప్పుడల్లా మా ఆమె నన్ను తిట్టేది. అది తెలిసింది. ఇదొక్కటి సమజైతలేదు. ఈ నాలుగిటిని ఎవ్వలు అడగలే. సైకిలు అనుకున్న. ఈ సందుల సైకిలు ఎవలికున్నది?"

మనోరమ ఆ రెండు సున్నాలను చూసింది. ఇన్నాళ్లూ చొక్కాలు మడతపెట్టడమే గాని కాలర్ తిప్పి చూసింది లేదు.

"సైకిలు కాదు. కండ్లజోడు," అంది. "మావే."

దుర్గయ్య చొక్కా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "సారువా?"

"సారువే. పోయినంక గూడ ఇస్త్రీకి ఏస్తున్న. పిచ్చిదనుకుంటే అనుకో."

"అందుకేనా!" అన్నాడాయన. "వీటిని మంజుల ఒక్కనాడు గూడ నన్ను ముట్టనియ్యలేదమ్మా. నువ్వు బిర్రుగ ఒత్తుతవ్, బట్ట అరుగుతది, ఇవి నేనే చేస్త అనేది. ఎవలివే అంటే, ఒకామె ఇయ్యలేక ఇచ్చింది, నేను వాపస్ ఇచ్చిన, నీకెందుకు అన్నది."

మనోరమ మెట్టు మీద కూర్చుండిపోయింది. "అర్థం గాక తెచ్చిచ్చింది అనుకున్న," అంది.

"ఆమెకు అర్థంగానిది ఏముంటదమ్మా? నేను తప్ప," అన్నాడు దుర్గయ్య. వంగి సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. అది ఎక్కలేదు.

"ఇటు తే. నీ కండ్లు నా కండ్లకంటే అధ్వాన్నం." ఆమె సూది అందుకుంది. దారం రీలుది కాదు, మెత్తగా విడిపోతూ ఉంది. కొసను నోటితో తడిపి మూడోసారికి ఎక్కించింది. ఆయన బల్ల కింద నుంచి ఎర్ర బట్ట ముక్క తీసి ఇంకో పోగు లాగాడు, అదీ ఎక్కించి ఇచ్చింది. సాయంత్రానికి నాలుగు కళ్లజోళ్లూ అయ్యాయి.

"వచ్చే నెల మల్ల ఎయ్యాల్నా?" అని అడిగింది లేస్తూ.

"ఎయ్యున్రి. బిర్రుగ ఒత్తను."

చొక్కాలు చేతుల మీద వేసుకొని ఎక్కుతుంటే స్వరూప ఎదురైంది. చొక్కాలను చూసింది, వాటి గురించి ఏమీ అడగలేదు. "అడిగిన్రా ఆంటీ? కత్తిరిస్తున్నడా, లేదా?"

"కత్తిరిస్తున్నడు," అంది మనోరమ.

దుర్గయ్య కత్తిరించిన బట్ట ఒక్కటే, మంజుల ఎర్ర నూలు చీర. దాని అంచు ముక్కలు కోసి, పోగులు లాగి, ఆ దారంతోనే ఇంటింటి బట్టలకూ గుర్తులు కుడుతున్నాడు.