అన్నాల వేళ తిరిగిన రాట్నం

నల్ల టేపు చింపితే సర్రుమని చప్పుడవుతుంది. ఆ జిగురు వాసన ముక్కుకు తగులుతుండగా నిన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ కెమెరా మీద ఒక ముక్క అతికించాను. మైకు మూసేయడం ఎలాగని అడిగితే, "మన ముచ్చట్లు ఎవరికి గావాలె అమ్మా?" అని నవ్వింది. ఒళ్లు మండింది నాకు. మన ముచ్చట్లు కావలసినవాడిని నేను కళ్లారా చూశాను.

డెబ్బైల చివర్లో వరంగల్లులో ఒక నేత షెడ్డులో రాట్నం మీద నూలు కండెలు చుట్టేదాన్ని. మా గదికి పెద్ద సత్తెమ్మక్క. నాకు పని నేర్పింది ఆమే. తల వంచుకోవడం మాత్రం నేర్పలేదు. మమ్మల్ని పై అంతస్తుకు పిలవడానికని మేనేజరు మా గోడకు ఒక ఇంటర్‌కం పెట్టె బిగించాడు. ఆ తర్వాత మా మాటలు అతనికి తెలియసాగాయి. మేడారం పోవడానికి అందరం కలిసి సెలవు అడగాలనుకున్నాం. అడగకముందే, "జాతర లేదు, గీతర లేదు" అన్నాడు.

చుట్టిన కండెలు అప్పజెప్పడానికి మేడ ఎక్కేది నేనొక్కదాన్నే. కబుర్లు మోసేదీ నేనేనని గదిలోవాళ్లు తేల్చేశారు. "దీని ముందట నోరిప్పకుండ్రి" అని పక్క రాట్నం మల్లమ్మ నా మొహం మీదే అన్నది. సద్దిగిన్నెలు పట్టుకుని అందరూ అవతలికి జరిగారు. నేను గడప మీద కూర్చుని తిన్నాను. పని పోయినా అంత బాధపడేదాన్ని కాదు.

సత్తెమ్మక్క ఒక్కతే నమ్మలేదు. "పిల్ల మోస్తే పొద్దంత మాట్లాడేటివి గూడ పోవాలె గద. అన్నాల యాళ్ల ముచ్చట్లే ఎందుకు పోతానయ్?" అంది. నిజమే. రాట్నాలు తిరిగేటప్పుడు ఒకరి చెవిలో ఒకరం అరుచుకునేవాళ్లం. ఆ మాటలేవీ పైకి చేరలేదు. గది సద్దుమణిగేది అన్నాలప్పుడే.

మరునాడు అందరూ సద్దులు విప్పుకున్నాక, ఆమె తినడం మానేసి, ఆ పెట్టె కింద ఖాళీ రాట్నం పెట్టుకుని గిరగిరా తిప్పింది. కాసేపటికే మేనేజరు విసవిసా మెట్లు దిగి వచ్చాడు.

"తినేటప్పుడు ఈ లొల్లి ఏంది?"

"మీ అర్ర తలుపులు మూసే ఉంటయ్ గద సార్. రాట్నం సప్పుడు మీకెట్ల ఇనవడ్డది?"

అతని చూపు పెట్టె మీదికి పోయింది. దాని వెంటే మా అందరి చూపులూ. వచ్చినంత విసురుగానే మెట్లెక్కి వెళ్లిపోయాడు. పెట్టె మాత్రం తీయించలేదు, సిగ్గులేని మనిషి!

"జరుగుండ్రి, పిల్ల కూసుంటది" అంది సత్తెమ్మక్క. నేను కూర్చోలేదు. మోసింది నేను కాదని ప్రతి ఒక్కరూ నోటితో చెప్పాలన్నాను. మల్లమ్మ ఏదో గొణిగింది.

"జర గట్టిగ చెప్పు మల్లమ్మా, పైన సారు గూడ ఇనాలె" అంటూ అక్క రాట్నం ఆపేసింది.

అక్క ఇప్పుడు లేదు. ఫలానా మనిషే చెప్పి ఉంటుందని ఎవరైనా అంటే, "నువ్వు చూసినవా?" అని నేటికీ అడ్డం తిరుగుతాను. గయ్యాళినని పేరొచ్చింది. రానీ. నేను కూర్చున్న గడప మీద ఇంకొకరిని కూర్చోనివ్వను.