పన్నెండో నంబరు కుట్టు

సిరిసిల్లల మా వాడకట్టుల లంగాలు కుట్టే ఆడోళ్లం పదిహేను మందిమి. పెండ్లి చేసుకొని బోయినపల్లి నుంచి అచ్చిన కొత్తల నాకు మిషన్ నేర్పింది పక్కింటి అక్క. నా కాలు మీద తన కాలు పెట్టి తొక్కిచ్చి నేర్పింది.

మేం కుట్టినయన్ని కోరుట్లల ఒక బట్టల సేటు తీసుకునేటోడు. కుట్టు ఊడితె, ఈసారి జర గట్టిగ కుట్టున్రి అనేటోడు, గంతే. అక్క బిడ్డ కాన్పుకు అచ్చినప్పుడు సరుకు రెండు వారాలు ఆలస్యమైంది. సేటు ఫోన్ చేసి బిడ్డ ఎట్లున్నదని అడిగిండు గని సరుకు మాట ఎత్తలే.

సేటుకు పక్షవాతం అచ్చినంక దుకాణం అల్లుని చేతికి పోయింది. మస్కట్‌ల పెద్ద స్టోర్‌ల పని చేసి అచ్చినోడు. మా లంగాలు హైదరాబాద్ కంపెనీకి పంపుతనని అగ్రిమెంట్ చేసుకున్నడు. ఇగ ప్రతి లంగా చెక్ చేయాలె. ఎవరు కుట్టిండ్రో తెల్వాలంటే లోపల నంబరు వేయాలె. అంగుళానికి ఇన్ని కుట్లు ఉండాలె. నేను ఇంటర్ చదివిన్నని నన్ను జగిత్యాలకు పంపి, మూడు దినాలు ట్రైనింగ్ ఇప్పిచ్చి చెకింగ్‌కు పెట్టిండు. అబద్ధమెందుకు, మస్తు సంబురపడ్డ.

అక్కది పన్నెండో నంబరు. మొదటి వారమే చూసిన, అంచు కాడ కుట్టు పక్కకు పోతున్నది. ఆమెకు షుగర్ ఉన్నదని నాకెర్కే, కండ్లు ఆనుతలేవని సమజైంది. రిజెక్ట్ చేయనీకి చెయ్యి రాలే. ఆ లంగాలు ఇంటికి తెచ్చుకొని, పొద్దుగాల పొయ్యి ముట్టియ్యకముందే కుట్లు ఊడదీసి మళ్ల కుట్టి పాస్ చేసిన. ఆరు నెలలు గట్లనే నడిచింది. ఆమెకు మేలు చేస్తున్ననే అనుకున్న.

ఒకసారి నాకు జరమచ్చి పండుకున్న. పన్నెండో నంబరు కట్ట అట్లనే పోయింది. కంపెనీ సరుకంతా వాపస్ పంపింది. అల్లుడు అందరిని పిలిపిచ్చి, గిన్ని నెలలు మంచిగున్న కుట్టు ఒక్కసారే ఎట్ల చెడ్డదని నన్ను అడిగిండు. చెప్పకుంటె నా పని పోతది. నేలకు చూసుకుంట చెప్పిన, ఆమెకు కండ్లు ఆనుతలేవు, ఇన్ని దినాలు నేనే సరిచేసిన అని.

అక్క గోడకు ఆనుకొని నిలబడ్డది. అల్లుని దిక్కు చూడలే.

"నీకు ఎప్పటి సంది ఎర్క?" అని నన్ను అడిగింది.

"మొదటి వారం సంది."

"నాకొక మాట చెప్పకపోతివి. బల్బు గుడ్డిగున్నదనుకున్న. కుట్లు పాస్ అయితున్నయి గద, నా కండ్లు మంచిగనే ఉన్నయనుకున్న."

కరీంనగర్ దవాఖానకు నేనే తోలుకపోయిన. ఒక కన్ను పోయింది, రెండోది ఎన్నాళ్లుంటదో చెప్పలేమన్నది డాక్టరమ్మ. కొన్ని నెలల ముందు అస్తే కాపాడెటోళ్లమన్నది. ఆ మాట విన్నంక అక్క నా చెయ్యి ఇడిసిపెట్టి, బెంచీ పట్టుకొని నడిచింది.

తర్వాత కంపెనీ మా లంగాలే వద్దన్నది, సూరత్ నుంచి తెప్పిచ్చుకుంటున్నదట. అల్లుడు ఫోన్‌ల మెసేజ్ పెట్టిండు, అంతే. పదిహేను మందిమి ఇంట్ల కూసున్నం.

అక్క నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు. నేను పోతె, అలికిడి విని "ఎవరు?" అంటది. కొన్ని దినాలు జవాబు చెప్పి లోపలికి పోత. కొన్ని దినాలు గడప కాడి నుంచే వాపస్ అస్త.