రేణుక ఎడమ మోకాలు

నేను విసిరిన ఈటె జీవితంలో ఒక్కసారే అనుకున్నదానికంటే దూరం పోయింది. పోయి అప్పటి క్రీడాధికారి జీపు టైరులో దిగింది. మరుసటి ఏడాదే నన్ను కోచ్‌ని చేశారు. ఇక విసరడు, చెప్పడంతో సరిపెట్టుకుంటాడని కాబోలు.

ఏడో తరగతితో బడి మానేసి, బాన్సువాడ ఊరి చివరి మైదానంలో సున్నంతో గీతలు గీసే రోజుకూలీగా చేరినవాణ్ని. ఆరు వారాల శిక్షణ సర్టిఫికెట్‌తో కాంట్రాక్టు కోచ్‌నయ్యాను. రికార్డుల్లో హోదా అది. పనిలో మాత్రం కోచ్, గ్రౌండ్‌మన్, స్టోరు తాళం, తాగునీటి కుండ అన్నీ నేనే. అందుకే మా స్టాఫ్ మీటింగులో ఏనాడూ గొడవ జరగలేదు.

కరోనా మూసివేతలు ఎత్తేసిన మరుసటి జనవరిలో నాకొక పని అప్పగించారు. జుక్కల్ వైపు కూలిపని చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన రేణుకను ఏప్రిల్ ఎంపికలకు సిద్ధం చేయాలి. అకాడమీ హాస్టల్‌లో సీటు కావాలంటే ఈటె నలభై ఆరు మీటర్లు దాటాలి. బాన్సువాడలో అక్క ఇంట్లో ఉంటూ నాలుగేళ్లుగా నా దగ్గర నేర్చుకుంటున్న ఆ అమ్మాయి, ఏడాదిగా నలభై మూడు దగ్గరే ఆగిపోయింది. వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. సీటు రాకపోతే మద్నూర్‌లో బట్టల దుకాణంలో చేరాలి. వాళ్ల నాన్న మాట్లాడి పెట్టాడు కూడా.

ఫిబ్రవరి మొదట్లో విక్రమ్ అనే పరిశోధక విద్యార్థి హైదరాబాద్ నుంచి రెండు కెమెరాలు, ఒక లాప్‌టాప్‌తో వచ్చాడు. వాళ్ల శాస్త్రం పేరు బయోమెకానిక్స్. కదిలే శరీరాన్ని కొలవడం దాని పని. రేణుక భుజానికి, నడుముకు, మోకాలికి, మడమకు తెల్ల బిళ్లలు అంటించి, పన్నెండుసార్లు విసిరించి, ఏ బిళ్ల ఏ క్షణంలో ఎక్కడుందో కంప్యూటర్‌తో లెక్క కట్టాడు. వారం తర్వాత నాలుగు పేజీల నివేదికతో మళ్లీ వచ్చాడు. అంతా ఇంగ్లీషు. నేను గంభీరంగా తలూపుతూ చదువుతుంటే రేణుక మెల్లగా, "సార్, తలకిందులు పట్టుకున్నరు" అంది.

విక్రమ్ ఓపిగ్గా తెలుగులో చెప్పాడు. కుడిచేత్తో విసిరేవాళ్లకు చివరి అడుగు ఎడమకాలిది. ఆ కాలు నిటారుగా నేలను తన్ని ఆగాలి. దాన్ని బ్లాక్ అంటారు. బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాడు ముందుకు తూలినట్టు, పరుగులోని వేగమంతా అప్పుడు నడుము, భుజం మీదుగా చేతికి ఎక్కుతుంది. మోకాలు వంగితే ఆ వేగం అక్కడే చచ్చిపోతుంది. విసిరే క్షణంలో రేణుక మోకాలి కోణం నూట అరవై డిగ్రీలైనా ఉండాలన్నాడు. ఉన్నది నూట ముప్పై ఎనిమిది. చేతిలో లోపం లేదు. తొడ కండరం బలహీనమై ఉంటుందని, ఆరు వారాలు బరువులు ఎత్తించమని రాసిచ్చాడు.

ఎత్తించాను. తొడ గట్టిపడింది. మోకాలు మాత్రం అంతే వంగింది.

అంతవరకు విసిరిన ప్రతిసారీ నా వైపు చూసే పిల్ల, ఇప్పుడు వీడియో తీయడానికి ఇటుకకు ఆనించిన నా ఫోన్ వైపు చూసేది. నేను బాగుందంటే, "ఫోన్‌ల చూద్దాం సార్" అనేది. ఆమె తప్పేం లేదు. ఇరవై ఎకరాల మైదానం, ఇద్దరు మనుషులం, అందులో ఒకడితో పని లేదు. ఆ ఒకడు నేను.

ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి పోయాక నేనే ఈటె పట్టుకున్నాను. చూసేవాళ్లు లేరు కనుక పరువుకు ఢోకా లేదు. విసిరాను. టేపు రెండో కొస పట్టేవాళ్లు కూడా లేక, మేకు దిగ్గొట్టి తగిలించి, అటు నడిచి ఇటు నడిచి కొలుచుకున్నాను. ఇరవై రెండు మీటర్లు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఫోన్‌లో చూసుకుంటే నా ఎడమ మోకాలు కూడా రేణుకది వంగినట్టే వంగింది. వీడియోను నెమ్మదిగా నడిపించి మళ్లీ చూశాను. కాలు నేలను తాకకముందే వంగడం మొదలైంది. బలం చాలని కాలు బరువు పడ్డాక కుంగుతుంది. ఇది ముందే జంకి వంగుతోంది. రేణుక పాత వీడియోలు తీశాను. వాటిలోనూ అదే.

విసిరే గీత దగ్గర కూర్చుని మట్టి గీకి చూశాను. నల్లరేగడి. నిజాంసాగర్ కాలువకు నీళ్లొదిలితే పక్క పొలాల చెమ్మ ఎక్కి, పైన ఎండినట్టున్నా లోపల మెత్తగా ఉంటుంది. నిటారుగా తన్నిన మడమ జారిపోతుంది. నేను కోచ్‌నైన కొత్తలో ఇద్దరు పిల్లలు అలా జారి చీలమండ బెణికించుకున్నారు. అప్పట్నుంచి నాది ఒకటే కేక: "మోకాలు మెత్తగ!" రేణుక ఆ కేకను నాలుగేళ్లు రోజూ విన్నది. పడకుండా కాపాడాను, దూరం పోకుండా కూడా.

ఎవరికీ చెప్పలేదు. ట్రాక్టరు మొరం పోయించి, ఆఖరి అడుగు పడే చోట దిమ్మిసతో కొట్టి గట్టిపరిచాను. నేల మారితే కాలు దానంతటదే మారుతుందని, నా సంగతి బయటపడదని ఆశ. మూడు రోజులు చూశాను. గట్టి నేల మీద కూడా వంచింది.

"నా కాలే మంచిగ లేదు సార్" అంది మూడోనాడు. "దుకాణంల నిలబడనీకి సాలుతదిలే."

ఇక ఆగలేకపోయాను. "నీ కాలు మంచిదే బిడ్డా. మెత్తగ, మెత్తగ అని నేనే వంచిపించిన" అన్నాను.

"నాలుగేండ్లా?"

"నాలుగేండ్లు."

"మొరం పోసిన్నాడే ఎందుకు చెప్పలే మరి?"

ఆమె ఈటెను గడ్డిలో పెట్టి వెళ్లిపోయింది. రెండు రోజులు రాలేదు. నేను వేళకు తాళం తీశాను, పరుగెత్తే రన్‌వే ఊడ్చాను, హాజరు పట్టీలో నా ఒక్క పేరు రాసి వేళకు తాళం వేశాను. ఎంపికలకు నాలుగు వారాలుంది.

మూడోనాడు వచ్చింది. నమస్తే పెట్టలేదు. "ఏం జెయ్యాలె చెప్పుండ్రి" అంది.

విసిరే ముందు పరుగును పూర్తిగా మానేశాం. మూడడుగులతోనే విసరాలి, చివరి అడుగు మొరం మీద పడాలి. ఆమె ఫోన్ చూడకూడదు, నేను కేక వేయకూడదు. మడమ చప్పుడు మాత్రం వినాలి. మోకాలు వంగితే ఈడ్చినట్టుంటుంది, నిటారుగా ఆగితే టక్కుమంటుంది. వీడియోలు విక్రమ్‌కు పంపితే కోణం చెప్పేవాడు. నూట నలభై ఐదు, నూట యాభై రెండు, ఎంపికలకు వారం ముందు నూట అరవై ఒకటి. మట్టి సంగతి, నా కేక సంగతి అతనికీ చెప్పాను. "అది మా కెమెరాల పడదన్నా" అని నివేదికలో తొడ మాట కొట్టేశాడు.

ఎంపికల్లో మూడో విసురుకు నలభై ఆరు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. జూన్‌లో ఆమె హాస్టల్‌కు పోయింది. ఆగస్టులో వయసు నిండి నా కాంట్రాక్టు ముగిసింది. తాళాలు తీసుకోవడానికి ఎవరూ రాకపోతే గేటు ఎదుటి టీకొట్టులో ఇచ్చి ఇంటికొచ్చాను.

ఆ ఉదంతం నేర్పింది ఇంతే. కొలత ఏం జరిగిందో చెబుతుంది. ఎందుకు జరిగిందో తెలిసినవాడు నోరు విప్పాలి. విప్పడం ఆలస్యమైతే నష్టపోయేది కోచ్ కాదు, ఆటగాడు.

పోయిన నెల ఫోన్లో రేణుకకు ఇదే చెప్పి, తప్పు ఒప్పుకోవాలంటే గుండె కావాలని కూడా కాస్త గొప్పగా కలిపాను.

"నాకొక్కదానికి ఒప్పుకుంటే అయిపాయెనా సార్?" అంది. "మా దిక్కు బడిల పీఈటీ మీ శిష్యుడే గద. మొన్న పోయి చూసిన, తార్రోడ్డు లెక్క గట్టి గ్రౌండ్ మీద గూడ పోరగాండ్ల మోకాళ్లన్నీ వంచిపిస్తుండు. బస్సెక్కుండ్రి."