గాజు బుగ్గల కట్టమ్మ

కొమ్మలకు వేలాడే గుండ్రటి గాజు బుగ్గల్లో ఒక్కటి కూడా పగలకుండా క్రిస్మస్ చెట్టును అలంకరించిన మొదటి మనిషి కట్టమ్మ. అది పందొమ్మిది వందల డెబ్బై ఒకటి. అంతకుముందు ఎవరు కట్టినా ఏటా ఒకటో రెండో నేలపాలయ్యేవి. వరంగల్ మట్టెవాడలోని చిన్న మిషన్ దవాఖానను నడిపిన పెద్ద డాక్టరమ్మ, తన అవ్వ కాలం నాటివని దొరల సీమ నుంచి తెచ్చుకున్న బుగ్గలవి. లోపల వెండి పూత. గట్టిగా ఊపిరి వదిలితే చిట్లేటంత పలుచన. ఆయాగా చేరిన ఏడాదికే వాటి పెట్టె తాళంచెవి కట్టమ్మ కొంగున చేరింది.

ఆ తరువాత ఆమె సాధించినవీ తక్కువేమీ కావు. ఇసుక డబ్బాలో సర్వి కొమ్మను ఇసుమంతైనా వాలకుండా నిలబెట్టింది. మంచు మొహం ఎరగని మనిషి, దవాఖాన దూదిని సన్నగా దువ్వి కొమ్మల మీద మంచు కురిపించింది. బోనమెత్తే ఇంటి ఆడబిడ్డ అయ్యుండి, చెట్టు కొసన చుక్క కట్టి పాస్టరు చేత శభాష్ అనిపించుకుంది.

ఇంత చేసినా పండుగ సాయంత్రం ఆమెకు తోడెవరూ ఉండరు. నడవగలిగిన రోగులు ఇళ్లకు పోతారు, నర్సులు చర్చికి పోతారు. పెనిమిటి పోయి, పిల్లలు లేక మిగిలిన కట్టమ్మ చెట్టు ముందు పీట వేసుకుంటుంది. ప్రతి బుగ్గలోనూ ఒక చిన్న కట్టమ్మ. తాను తల ఊపితే అందరూ ఊపుతారు. "తిన్నరా అందరు?" అని అడుగుతుంది. పెద్ద డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోయాక ఆమెకు మిగిలిన చుట్టరికం అదే.

ఎనభై నాలుగులో కొత్త డాక్టరు రాజేశ్వర్ రావు ఆ పెట్టె తెరిపించి చూశాడు.

"మసిబారినయ్ గదమ్మా. పారేద్దాం. హైదరాబాద్ నుంచి ప్లాస్టిక్‌వి తెప్పిస్త."

"జర ఆగుండ్రి సారూ. పండుగనాటికి తళతళ మెరుస్తయి."

పండుగంటే ఇత్తడి బిందెలు తోముకోవడమే ఆమెకు తెలిసిన పద్ధతి. బుగ్గలనూ అట్లాగే చింతపండు, బూడిదతో సుతారంగా తోమి నీళ్ల తొట్టిలో ముంచింది. దారం కట్టే మెడ సందులోంచి నీళ్లు లోపలికి పోయాయి. వెండి పూత పొరలు పొరలుగా ఊడివచ్చింది. ఒకటి ఎత్తి చూస్తే అందులోంచి ఎదుటి గోడ కనిపించింది. కట్టమ్మ కనిపించలేదు.

తొట్టి పక్కన కూలబడ్డ ఆమెను చూసి నర్సు విజయలక్ష్మి దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడేం జేస్తవ్ కట్టమ్మక్కా?"

"నెక్కొండల జానీ మియా లేడా? పీర్లకు మెరిసే బేగడ కాగితం అంటిస్తడు. వీటికి అంటియ్యడా?"

"బేగడ ముడతలు పడ్తదక్కా. మొఖం సక్కగ అగపడది."

"నా మొఖమేమన్న సక్కగున్నదా బిడ్డా? ముడతలకు ముడతలు సరిపాయె."

"మరి సార్ ఊకుంటడా?"

"చెట్టు కట్టే దినం దాక ఆగుమన్న. అప్పటికి నేను రాకుంటె ఆ ప్లాస్టిక్‌వే కట్టుకొమ్మన్న."

బుగ్గలను పాత చీర పేలికల్లో చుట్టి, పెట్టెలో పెట్టుకుని నెక్కొండ పోయే ప్యాసింజరు బండికి బయలుదేరింది. గేటు దగ్గర ఒక నల్లబల్ల ఉంటుంది. ఊరికి పోయిన డాక్టర్ల పేర్లూ, వాళ్లు తిరిగి వచ్చే తేదీలూ దాని మీద రాస్తారు. కట్టమ్మ పేరు దాని మీదికి ఎన్నడూ ఎక్కలేదు. పోవడానికి ఆమెకు ఊరంటూ ఉంటే కదా.

విజయలక్ష్మి సుద్దముక్క తీసింది. "ఎప్పుడొస్తవో చెప్పు, రాస్త."

"నాదెందుకు బిడ్డా? నన్ను ఎవరడుగుతరు?"

"నేనడుగుత."

కట్టమ్మ పెట్టెను గుండెకు హత్తుకుని, తేదీ చెప్పి రిక్షా ఎక్కింది. రిక్షా మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది. నల్లబల్ల మీద, ఊరికి పోయిన ఒక డాక్టరు పేరు కింద, అంతే పెద్ద అక్షరాల్లో: కట్టమ్మ, ఆయా. తిరిగి వచ్చేది డిసెంబరు 23.