ఏడో మంచం మీద ఇద్దరు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, నాకు ఇరవై అయిదేళ్ల వయసు, తెల్ల బూట్లు, ఇంగ్లీషులో మంచి ఉచ్చారణ ఉండేవి. ఈ మూడూ ఉన్న మనిషి తప్పు చెయ్యదని నా గట్టి నమ్మకం. మా వైపు ఒక ఆసుపత్రిలో (పేరు చెప్పను, అడగొద్దు) నర్సింగు పిల్లలకు పాఠాలు చెప్పే ట్యూటర్లలో అందరికన్నా చిన్నదాన్ని. వానలు లేక వరసగా మూడో ఏడు. నీళ్లు చెడి, తిండి చాలక జనం బస్సుల నిండా వచ్చి దిగుతుంటే మంచానికి ఇద్దరేసి, కింద చాపల మీద మరికొందరు. మధ్యాహ్నం రెండింటికి పొద్దుటి డ్యూటీ వాళ్లు సాయంత్రం వాళ్లకు రోగుల్ని అప్పగించాలి. పేర్లెందుకు, నంబర్లు చాలు: మూడుకి గ్లూకోజు, నాలుగుకి కట్టు మార్చాలి, అయిదు ఇంటికి. ఒకే మంచం మీద అటొకరు ఇటొకరు తల పెట్టుకున్న ఇద్దరూ ఒకే నంబరు ఎలా అవుతారని మాకెవరికీ తోచలేదు.

నర్సులు చాలక ఒక శనివారం పొద్దుటి డ్యూటీకి వార్డు నాది. అమ్మ దగ్గరికి పోవాలి, రాయదుర్గం బస్సుకు వేళవుతోంది. ఏడుకి పెన్సిలిన్ పడదు, చూసుకో అని సాయంత్రం వచ్చిన నర్సుతో చెప్పి పరుగెత్తాను. ఏడో మంచం మీద ధర్మవరం నుంచి వచ్చిన మగ్గం పనాయన ఒకరు, తనకల్లు వైపు నుంచి కాలిపుండుతో వచ్చిన గొర్రెల కాపరి ఒకరు. పడనిది మగ్గం పనాయనకు. ఆమె కాపరికనుకుంది. నాలుగింటికి మగ్గం పనాయనకు పెన్సిలిన్ సూది వేసింది. అయిదు కాకముందే ఆయన పోయాడు.

సోమవారం నేను వచ్చేసరికి ఆ నర్సును డ్యూటీలోంచి తప్పించారు. పడదన్నారు గానీ ఇద్దరిలో ఎవరికో చెప్పలేదని ఏడ్చిందట. ఎవరూ వినలేదట. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా పెద్ద డాక్టరు (గొంతును బట్టి మేం పెట్టిన పేరు ఉరుము దొర, వానకు మాత్రం ఏ సంబంధమూ లేదు) పాఠాలు చెప్పేవాళ్లకే అప్పగింత చేతకాకపోతే పిల్లలకేం వస్తుందని, ముందు ట్యూటర్లకూ డాక్టర్లకూ శిక్షణ ఇవ్వమన్నాడు. ఇచ్చేది ఎవరు? ఇంగ్లీషు బాగా వచ్చిన ఆ చిన్నమ్మాయి. ఆ శనివారం అప్పగించింది నేనేనని నాకు తెలుసు. అయినా నా ఉచ్చారణ ఆయన దాకా చేరిందని ఒక మూల సంతోషం కూడా కలిగింది (రాయడానికి ఇప్పటికీ సిగ్గే).

ముందుగా ఒక ఆట పెట్టాను. కడుపు ఆపరేషన్ అయింది, నీళ్లు ఇవ్వొద్దు, జ్వరం చూడాలి అని మొదటి డాక్టరు చెవిలో చెప్పాను. వరసంతా తిరిగి చివరి ట్యూటరు నోట్లోంచి ఆపరేషన్ గదిలో నీళ్లు రావడం లేదు, ఇంజనీరును పిలవాలి అని బయటపడింది. అదీ నిజమే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. అందరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం.

తర్వాత అసలు రోగి మీద సాధన. వార్డు నుంచి ఎవరినో ఒకరిని తెమ్మంటే, ఆయా ఆ గొర్రెల కాపరినే నడిపించుకొచ్చింది. బల్లమీద పడుకోబెట్టాం. ఉరుము దొర గొంతు సవరించుకుని, ఏడో నంబరు, కాలిపుండు అని అప్పగింత మొదలుపెట్టాడు. కాపరి మోచేతి మీద లేచాడు.

"ఏడో నంబరు ఆయప్ప పోయినాడు సామీ. నా పేరు మల్లప్ప."

 అతను నా వైపు తిరిగాడు.

"ఆయప్పకు ఆ సూది పడదని నాకు తెల్సు గదమ్మా. పక్కలోనే పండుకోనుంటి. ఏసింది ఆ సూదేనని మాకేం తెల్సు, ఆ పొద్దు నన్ను ఒక మాట అడిగింటే చెప్తాంటి."

 ఆ రోజు అప్పగించింది నేనేనని, ఏడు అన్నానే తప్ప పేరు చెప్పలేదని, ఆ నర్సు తప్పు లేదని చెప్పేశాను. తెలుగులోనే చెప్పాను, ఇంగ్లీషు ఒక్క ముక్క రాలేదు. ఉరుము దొర నేలచూపులు చూశాడు. ముందు వరసలోని పెద్ద ట్యూటరమ్మ లేచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇరవై ఏండ్లుగా నేనూ నంబర్లే చెప్తాండా పాపా," అంది.

ఆ నర్సును మళ్లీ తీసుకున్నారు. ఆమె నాతో ఇక మాట్లాడలేదు, అది న్యాయమే. నన్ను పాఠాల నుంచి తప్పించి వార్డుకు పంపారు. ధర్మవరం పోయి మగ్గం పనాయన భార్యకు జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. పోయేటప్పుడు పక్కన ఎవరన్నా ఉన్నారా అని మాత్రం అడిగింది. మల్లప్ప ఉన్నాడన్నాను.

అప్పటి నుంచి నా వార్డులో అప్పగింత మంచం దగ్గరే, రోగి తన పేరు తనే చెప్పాలి. మల్లప్ప ఉన్నన్నాళ్లూ తన పేరు, నాయన పేరు, మందలో మిగిలిన నాలుగు గొర్రెల పేర్లూ చెప్పేవాడు. అప్పగింత గంట పట్టేది. డాక్టర్లు గొణిగేవారు. నేను మాత్రం నాలుగో గొర్రె దాకా నిలబడి వినేదాన్ని. అన్నీ తెలుసనుకుని, పక్కన పడుకున్న మనిషిని ఒక్క మాట అడగాలని తోచని ఆ తెల్లబూట్ల పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.