ఆ ముసలామె నాకు చెప్పింది

ఆ ముసలామె నాకు చెప్పింది. బడి గేటు దగ్గర చేపల తట్ట కిందపెట్టి, మనవరాలి జడ చేత్తో ఎత్తి చూపించి మరీ చెప్పింది. నేను విని సరేనన్నాను. తర్వాత మా పెద్దమేడం అడిగినప్పుడు మాత్రం ఆ సంగతి ఒప్పుకోలేదు.

ఆ పిల్ల చదువు ఆగిపోవడానికి మేడం కఠినత్వమే కారణమని మా బడిలో అనుకునేవారు. ముసలామె మతిమరుపు కారణమని వాళ్ళ ఊళ్ళో అనుకునేవారు. రెండూ నిజం కావు. పోయిన ఏడాది మేడం చనిపోయారు. సంతాప సభలో ఒకాయన మైకు పట్టుకుని, మేడం ఎంత స్ట్రిక్టో చెప్పడానికి ఈ జుట్టు కథే ఎత్తుకున్నాడు. జనం నవ్వారు. నేను ముందు వరసలో కూర్చుని ఉన్నాను. అప్పుడు కూడా లేచి మాట్లాడలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది కోటబొమ్మాళికి కాస్త ఎడంగా, ఒక ట్రస్టు నడిపే ఆడపిల్లల బడి. ఫీజు లేదు. తిండి, పుస్తకాలు, బట్టలు, పడక అన్నీ బడివే. కూలికి వెళ్ళే ఇళ్ళనుంచి, పాతపట్నం వైపు మెట్ట ఊళ్ళనుంచి, సముద్రపు ఒడ్డు నుంచి పిల్లలు రేకు పెట్టెలతో వచ్చేవారు. నేను ఆఫీసులో గుమస్తాని. పిల్లల్ని చేర్చుకోవడం, బియ్యం దింపించడం, నీళ్ళ ట్యాంకరు మాట్లాడడం, ఎవరైనా వచ్చి ఏదైనా చెబితే మేడంకి చేరవేయడం నా పని.

ఆ పిల్ల ఆరో తరగతిలో చేరడానికి వచ్చింది. వాళ్ళ వీధిలో ఐదు దాటి చదవడానికి బయల్దేరిన మొదటి ఆడపిల్ల ఆమేనని ముసలామె చెప్పింది. ముసలామె ఆ పిల్లకి నాన్నమ్మ. మేము మాట్లాడుకుంటూ ఉంటే పిల్ల ఆఫీసు గోడమీద ఉన్నవన్నీ పైకి చదివేసింది. క్యాలెండరు, బోర్డు, చివరికి నా బల్లమీద ఉన్న అగ్గిపెట్టె మీది అక్షరాలు కూడా. వెళ్ళేటప్పుడు గేటు దాకా నేనూ వెళ్ళాను. అక్కడ ముసలామె ఆగింది.

“బాబూ, పిల్లకి మీరేటి ఎడితే అదే తింటాది. సదవకపోతే నాలుగెయ్యండి, నానేటీ అనను. ఈ జుట్టు జోలికి మాత్రం ఎల్లకండి. ఇది అప్పన్నది.”

“అప్పన్నదేమిటి?”

“మావోడు, దీని బాబు, గుజరాత్ సేపల యాటకెల్లినాడు. పోను నేదు, కబురు నేదు. ఆడు వొచ్చి గుమ్మంలో అడుగెట్టగానే దీని తలనీలాలు సింహాచలంలో ఇస్తానని మొక్కినాను. అందాకా కత్తెర తగలకూడదు.”

“హాస్టల్ కదా మామ్మా. పేలు పడితే?”

“పడితే నానొచ్చి తీస్తాను. ఆదివారం ఆదివారం వస్తాను కదేటి. నీకూ తీద్దును గానీ, నీ నెత్తిమీద ఏటున్నాదని?”

పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకప్పటికే జుట్టు పల్చబడుతోంది. నేనూ నవ్వి, మేడంకి చెబుతాలే అన్నాను.

చెప్పలేదు. ఆ మొక్కు అంటే చులకన ఉండి కాదు. ఆ రోజు బియ్యం లారీ వచ్చింది, మరచిపోయాను. తర్వాత ఆ పిల్ల కుళాయి దగ్గర వరసలో నిలబడి ఉంటే జడ కనబడి గుర్తొచ్చేది. రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. మళ్ళీ పోయేది. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు.

వర్షాలు పడ్డాక చిన్న తరగతుల పిల్లలకి తలలో పుండ్లు వచ్చాయి. పేలు ఒకరి నుంచి ఒకరికి పాకాయి. ఆరు, ఏడు తరగతులకి చెవుల దాకా కత్తిరించేయమని నర్సు చెప్పింది. మేడం మంగలివాళ్ళని పిలిపించారు.

ఆ పొద్దున్నే నీళ్ళ ట్యాంకరు రాలేదు. రాదని ట్యాంకరు వాడు ముందురోజే నాతో చెప్పాడు. నేను మేడంకి చెప్పడం మరచిపోయాను. పిల్లలకి స్నానాల్లేవు, వంటకి నీళ్ళు లేవు. మేడం వంటమనుషుల ముందే నన్ను నిలబెట్టి అన్నారు. “మీకు చెప్పిన మాట మీ దగ్గరే ఆగిపోతుందండీ. గోడకి చెప్పుకున్నా ఇంతే కదా!” వంటమనుషులు నవ్వు కనబడకుండా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాత కాసేపటికే వరండాలో జుట్టు కోతలు మొదలయ్యాయి. నేను కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్నాను. ఆ పిల్ల పేరు కూడా నేనే పిలిచాను. పిలిచేటప్పుడు గుర్తుంది.

పిల్ల వచ్చి మంగలి ముందు కూర్చోలేదు. నా దగ్గరికి వచ్చింది. “సార్, మా నాన్నమ్మ మీకు సెప్పింది కదా” అంది.

మేడం పక్కనే ఉన్నారు. “ఏం చెప్పింది?” అని నన్నడిగారు.

పొద్దున మేడం తిట్టినది దేనికో, మళ్ళీ అదే. ఇంకొక మాట నా దగ్గర ఆగిపోయిందని ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోలేకపోయాను. “ఏం లేదు మేడం. భయపడుతోంది” అన్నాను.

“భయమెందుకమ్మా, మళ్ళీ పెరుగుతుంది” అని మేడం ఆ పిల్ల భుజం తట్టి కూర్చోబెట్టారు.

ఇక్కడ మేడం గురించి ఒక మాట రాయాలి. అంతకుముందు ఒకమ్మాయి మొక్కు ఉందని ఏడాదంతా చెప్పులు లేకుండా తిరిగితే ఆవిడ ఒక్క మాట అనలేదు. ఎండలో ఆ పిల్ల కాళ్ళు కాలకుండా అసెంబ్లీని నీడలోకి మార్పించారు. ఈ సంగతి తెలిసి ఉంటే ఆ జడని ముట్టుకోనిచ్చేవారు కాదు. తెలియకపోవడం నా వల్ల.

పిల్ల ఏడవలేదు. కోత అయ్యాక లేచి, కింద పడిన తన జుట్టు ఏరుకోబోయింది. అప్పటికే మంగలి దాన్ని కాలితో మిగతా కుప్పలోకి తోసేశాడు. పేలున్న జుట్టని ఆయా మొత్తం ఊడ్చి వంటశాల వెనక కాల్చేసింది. పిల్ల అక్కడికి వెళ్ళి నిలబడింది. ఆ వాసన మధ్యాహ్నం దాకా పోలేదు. నేను భోజనానికి వెళ్ళాను. సాంబారన్నం బాగానే తిన్నాను. ఇది ఎందుకు గుర్తుందో నాకు తెలియదు.

ఆదివారం ముసలామె వచ్చింది. పిల్లని చూసి తట్ట కూడా దింపలేదు.

“ఓలమ్మో, ఇదేటే!”

తర్వాత నన్ను చూసింది. “బాబూ, నీకు సెప్పినాను కదేటి? ఈ గేటు కాడే కదేటి సెప్పినాను?”

ఆ గొంతుకి మేడం బయటికి వచ్చారు. సంగతి విని మొహం పాలిపోయింది. “మీకు చెప్పిందా?” అని అడిగారు నన్ను.

“గుర్తులేదు మేడం” అన్నాను. అక్కడితో ఆపలేదు. “చెప్పలేదనుకుంటాను” అని కూడా అన్నాను.

“సెప్పింది. నాను పక్కనే ఉన్నాను” అంది పిల్ల.

ముసలామె దాని నెత్తిమీద ఒకటి వేసింది. “నోర్ముయ్యే గుంటా. సదువుకున్న బాబు అబద్దమాడతారేటి? నానే మర్సిపోయుంటాను. సెప్పాలి సెప్పాలి అనుకుని, సెప్పేసినాననుకున్నాను.”



మేడం ముసలామెకి చేతులు జోడించారు. తప్పయిపోయిందని, పిల్ల చదువు మాత్రం ఆపొద్దని బతిమాలారు. “జుట్టు పెరిగినాక పంపుతాను తల్లీ. అందాకా దీని తల నా కళ్ళముందర ఉండాల. మావోడికేటైనా అయితే నా కోడలు నన్ను బతకనీదు” అంది ముసలామె. తట్ట మనవరాలికి ఇచ్చి, రేకు పెట్టె తన నెత్తికెత్తుకుంది. ఇద్దరూ బస్సు రోడ్డు వైపు వెళ్ళిపోయారు.

తర్వాతి వారం మేడం ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరు వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. ఇసుకలో ఎండుతున్న చేపల పక్కన ఆ పిల్ల తల్లి నిలబడి మా ఇద్దర్నీ తిట్టింది. “దేవుడి సొత్తు కాల్చేసినోల్లు, మల్లా ఏ మొగమెట్టుకుని వచ్చినారు? ఇదొక మతినేని ముసల్ది, మీరొకలు!” ముసలామె గుమ్మంలో కూర్చుని వలతాడు చిక్కులు తీస్తోంది, తల ఎత్తలేదు. పిల్ల లోపలనుంచి చూసింది. మేడం అన్నీ విని వెనక్కి తిరిగారు. దారిలో ఒక్కటే అన్నారు. “ఆ రోజు వరండాలో ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. నేను ఇంకోసారి అడిగి ఉండాల్సింది.” నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక్కి తిరిగి ఒక్క మాట చెబితే సరిపోయేది.

ఆ పిల్ల తండ్రి మరుసటి ఏడాది తిరిగి వచ్చాడు. ఏదో జబ్బు చేసి పని పోయి, చేతిలో ఏమీ లేక కబురు పెట్టలేకపోయాడట. మెడదాకా పెరిగిన జుట్టునే సింహాచలంలో ఇచ్చి వచ్చారని చేపలమ్మే ఇంకొకామె చెప్పింది. విని నాకు ప్రాణం కుదుటపడింది. మనిషి బతికే ఉన్నాడు కదా, మొక్కూ తీరింది కదా, ఇంకేమైందని అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కానీ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. అప్పటికే రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతోంది. పన్నెండేళ్ళ పిల్ల ఇంటికి నాలుగు డబ్బులు తెస్తుంటే ఎవరూ మళ్ళీ బడి పేరు ఎత్తలేదు. ఆ ఊరి నుంచి మా బడికి చాలాకాలం ఇంకో పిల్ల రాలేదు.

పెద్దయ్యాక ఆమె సంతలో ఎండుచేపలు అమ్మడానికి కూర్చునేది. నేను ఆ వరసలోకి వెళ్ళడం మానేశాను. కూరగాయలు కొనుక్కుని అవతలి దారినే తిరిగి వచ్చేసేవాణ్ణి. మా ఆవిడ ఎండుచేపలు తెమ్మంటే దొరకలేదని చెప్పేవాణ్ణి.

మేడం సంతాప సభ అయిన వారం సంతకి వెళ్ళాను. ఈసారి ఆ వరసలోకి వెళ్ళాను. ఆమె గోనె పట్టా మీద కూర్చుని ఉంది. చేపలు పొట్లం కట్టడానికి పాత పేపరు చింపి, కట్టేముందు దానిమీద ఉన్నది చదువుతోంది.

“ఏటి కావాల సార్? నెత్తల్లా, కవ్వల్లా?”

“నన్ను గుర్తుపట్టావా అమ్మా?”

“గుర్తుపట్టకేటి? నా పేరు పిలిసినోరు మీరే కదా. ఎన్నాల్లబట్టో అవతల్నించి అవతలే ఎల్లిపోతారు. నా సేపలు అంత కంపు కొడతన్నాయేటి అనుకున్నాను.”

ముక్కు మూసుకుని చూపించేసరికి పక్క పట్టా ఆమె కిసుక్కున నవ్వింది. నేను కూర్చోవడానికి ఏమీ లేదు. గొంతుక్కూర్చుని చెప్పాను. మీ నాన్నమ్మ నాకు చెప్పింది, నేను మేడంకి చెప్పలేదు అన్నాను. ఆమె మధ్యలో ఒక బేరం చూసుకుంది, త్రాసు కింద పెట్టింది.

“నాకు తెల్దేటి సార్? నాను పక్కనే ఉన్నాను. నాకు కొత్తగా సెప్తన్నారేటి?”

కోపంగా అనలేదు.

“మా నాన్నమ్మ సచ్చిపోయిందాకా తనే మర్సిపోయాననుకున్నాది. నువ్వు సెప్పినావే ముసిల్దానా అని నానెన్నిమాట్లు సెప్పినా నమ్మనేదు. కూర మాడితే మా అమ్మ అదే మాట. తలుపుకి గొల్లెం ఎయ్యకపోతే అదే మాట. గుంట సదువే మర్సిపోయినావు, నీకిది గుర్తుంటాదేటి, అనీది. అలగ అనిపించుకునే పోయింది.”

“నువ్వు నా దగ్గరికి వచ్చి అడగాల్సింది” అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

“వొద్దామనే అనుకున్నాను. మీరు మల్లా గుర్తునేదంటే నానేటి సెయ్యను?”

ఆమె చేతులు దులుపుకుని పక్కకి తిరిగి గట్టిగా పిలిచింది.

“అమ్మా, ఇలగ రా. బడి సారొచ్చినారు.”

నవ్వినామె ఆమె తల్లేనని నేను గుర్తుపట్టలేదు. ముసలిదైపోయింది. చేతుల నిండా ఉప్పు తెట్టు కట్టి ఉంది. “ఏ బడే?” అంది.

“నా జుట్టు కోసిన బడి.” తర్వాత నావైపు తిరిగింది. “నాకు సెప్పింది సాలు. ఇప్పుడు ఈవిడకి సెప్పండి. కాస్త గట్టిగా సెప్పండి, సరిగ్గా ఇనిపించదు.”

బేరానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను.

“మీ అత్తగారు మరచిపోలేదమ్మా” అన్నాను.

“ఎవలు మర్సిపోనేదు?”

“మీ అత్తగారు. గేటు దగ్గర నాతో చెప్పింది. నేను మా మేడంకి చెప్పలేదు. అడిగితే నాకు చెప్పలేదని అబద్ధమాడాను. మీ పిల్ల చెప్పిందే నిజం. మీ అత్తగారి తప్పు లేదు, మా మేడం తప్పూ లేదు. తప్పు నాది. నన్ను క్షమించండి.”